తాళానికి చెవి

ఎరుందీన గ్రంథాలయం మెట్లెక్కి వచ్చింది
పోర్తొసేలో రేవు మీది ఫిబ్రవరి వానంతా నెత్తిన పెట్టుకుని.
రబ్బరు బూట్లు గుమ్మం బయటే విప్పింది.
నలభై ఏళ్లుగా రాళ్ల మీద పెర్సెబెస్ గీకే మనిషి,
అల వెనక్కి తగ్గిన ఏడు క్షణాల్లో
దిగి, గీకి, ఎక్కే మనిషి,
కంప్యూటరు ముందు మాత్రం కుర్చీ అంచున కూర్చుంది.

"లైసెన్సు కొత్తది కావాలంటే సంతకం ఇందులోనే పెట్టాలట.
పెట్టించు, బ్రాయిస్."

సర్వరు ఒక పేజీ పంపింది.
అందులో ఒకటే గడి, 2048 అని.
గ్రాములా? అంది.
బరువు కాదు, తాళం పొడవు అన్నాను.
"పొడుగుదే పెట్టు. మా వదిన చెయ్యి చాలా పొడుగు."

మౌస్ ఎటుపడితే అటు కదపమంది బ్రౌజరు.
ఎవరూ ఊహించలేని అంకె కావాలి,
అందుకని ఎవరూ ఊహించలేని చెయ్యి కావాలి అన్నాను.
పెట్టింది.
చన్నీళ్లలో నానిన కీళ్లు,
ఏ రాయో పుచ్చుకున్న చూపుడువేలి చోట
ఒక మొండి.
కదపకుండానే వణికింది.
పచ్చగీత చివరిదాకా నిండింది.

పుట్టినప్పుడు చప్పుడేం కాలేదు.
లోపలెక్కడో రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు చేతులు కలిపాయి.
వాటి లబ్ధం ఊరంతా చూడొచ్చు,
వాటి పేర్లు మాత్రం ఎవరికీ తెలీవు.
తాళానికి చెవి మొలిచింది,
నోరు మొలవలేదు.
ఆ చెవి ఈ పెట్టె దాటి పోదు.
నలుగురికీ చూపించే దాని జోడు మాత్రం
తీగ వెంట మద్రీద్ వెళ్లింది,
నేను ఎరుందీన రౌకో లామెలస్‌ని,
ముద్ర వెయ్యండి అని.

బదులుగా తొమ్మిది అంకెలొచ్చాయి.
అవి పట్టుకుని బ్రెన్యా ఆఫీసుకి పోవాలి,
గుమాస్తాకి మొహం చూపించాలి.
ఇంత లెక్కా చేసి చివరికి
ఒక మనిషి ఇంకో మనిషి మొహం చూడ్డమే.
బస్సు తప్పి చేపల బండిలో పోయింది.
కార్డులో జుట్టు నల్లగా ఉందట,
గుమాస్తా రెండుసార్లు చూసి స్టాంపు కొట్టాడట.

మర్నాడు పత్రం దించుకోవడానికి వచ్చింది.
సర్వరు ఇచ్చింది.
బ్రౌజరు పుచ్చుకోలేదు.
దీనికి సరిపడే చెవి ఇక్కడ లేదంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.
ఈ గదిలో కంప్యూటర్లన్నీ రాత్రి తొమ్మిదికి
పగటిదంతా తుడిచేసుకుంటాయి.
ఆ ఏర్పాటు చేయించింది నేనే.
పిల్లల ఆటలూ, ఎవరో తెరిచి మరిచిపోయిన ఉత్తరాలూ,
ఆమె చేతి వణుకూ
ఒకే చీపురుకి పోయాయి.

తప్పు నాదని ముందు చెప్పాను,
ఎలాగన్నది తర్వాత.
"మద్రీద్‌లో ఇంకోటి ఉండదా?"
ఉండదు. ఉంటే అది నీ సంతకం కాదు.
కాసేపు వాన వింటూ కూర్చుంది.
"అయితే అది నిజంగా నాదేనన్నమాట," అంది.

ఆ తర్వాత తిట్టింది.
నన్నూ, మద్రీద్‌నీ, రాని బస్సునీ.
వేలిముద్రతో అమ్మమ్మ పడవ కొన్నదట,
ఆ వేలిని ఏ రాత్రీ ఎవరూ తుడవలేదట.

శనివారం మేనల్లుడు పారేసిన లాప్‌టాప్‌ని
గోనెపట్టా చుట్టి తట్టలో తెచ్చింది.
మీటల సందున ఉప్పు.
మళ్లీ చెయ్యి వణికింది, వేరేగా.
వేరే అంకె పుట్టింది.
మళ్లీ బ్రెన్యా, మళ్లీ ఆ గుమాస్తా.
ఈసారి "మీరేగా" అన్నాడట, కార్డు అడిగాకే.

పత్రం వచ్చి తన చెవి పక్కన తను కూర్చుంది.
నకలొకటి పెన్‌డ్రైవ్‌లో దాచుకుందాం,
దానికో రహస్యపదం పెట్టు అన్నాను.
మోచెయ్యి అడ్డం పెట్టింది, బళ్లో పలక దాచుకునే పిల్లలా.
"అటు తిరుగు."

కిటికీ వైపు తిరిగాను.
రాళ్ల మీంచి అల వెనక్కి తగ్గింది.
లెక్కపెట్టాను.
ఏడు దాటింది,
ఎరుందీన ఇంకా కొడుతూనే ఉంది.